కాలేజీ పేరు ఎవరికి కావాలి?

ఎంసెట్ ర్యాంకులు వచ్చాయంటే మా కడప వైపు ప్రతి ఇంట్లో ఒకటే పంచాయితీ. కాలేజీ చూడాలా, బ్రాంచి చూడాలా? (2021 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అయింది గానీ మా ఊళ్లో ఎవరి నోటా ఆ పేరు నేను వినలేదు.) బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నానన్న ఒకే ఒక్క అర్హత మీద ఆ సీజన్‌లో నాకు ఫోన్లు మొదలవుతాయి. చిన్నాయన కొడుకు, అత్త మనవరాలు, ఇంటర్ తర్వాత మళ్లీ మాట్లాడని క్లాస్‌మేట్ బామ్మర్ది, ఇట్లా. ఒక్కొక్కరికీ గంట చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసిపెడుతున్నా, ఇకపై లింకు పంపిస్తా.

కాలేజీ పేరుకు విలువ ఉందా అంటే ఉంది. "చదివేటోడు యాడున్నా చదువుతాడు, కాలేజీదేముంది" అని పెళ్లిళ్లలో, పంక్తి భోజనాల దగ్గర అంటూ ఉంటారే, ఆ మాట అనేవాళ్లు ఎవరో ఒకసారి గమనించండి. చాలావరకు వాళ్ల పిల్లలు అప్పటికే మంచి చోట చదువుతుంటారు, లేదంటే వాళ్ల బావమరిది ఏదో కంపెనీలో మేనేజర్ అయి ఉంటాడు. ఆ ఇంట్లో పిల్లవాడికి కాలేజీ పేరు లేకపోయినా మామ పేరు ఉంటుంది. ఆ మాటే ఒక కౌలు రైతు కొడుక్కి చెబితే వాడికి మనం మేలు చేసినట్టు కాదు.

ఇక్కడ అందరూ ఎత్తే ఉదాహరణ సత్య నాదెళ్ల. ఆయన పూర్వీకుల ఊరు అనంతపురం జిల్లా యాడికి మండలంలోని బుక్కాపురం కాబట్టి మావాళ్లకు ఆయన మీద ప్రత్యేకమైన హక్కు కూడా ఉంది. "చూడు, ఐఐటీ కాదు ఏం కాదు, మణిపాల్‌లో చదివి మైక్రోసాఫ్ట్‌కు సీఈఓ కాలేదా" అంటారు. నిజమే. మణిపాల్‌లో ఎలక్ట్రికల్, తర్వాత అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ మిల్వాకీ క్యాంపస్‌లో ఎంఎస్, 2014లో సీఈఓ. కానీ వాళ్ల నాన్న యుగంధర్ ఐఏఎస్ అధికారి, ప్రణాళికా సంఘం సభ్యుడిగా పనిచేసినాయన. అమ్మ సంస్కృతం లెక్చరర్. చదివిన బడి బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. ఆయన ప్రతిభను తక్కువ చేయడానికి కాదు ఇదంతా చెప్పడం. ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడికి ఏ పరీక్ష ఎప్పుడు రాయాలో, అమెరికా యూనివర్సిటీకి అప్లికేషన్ ఎట్లా పెట్టాలో చెప్పేవాళ్లు ఇంట్లోనే ఉంటారు. మన పిల్లవాడికి ఆ సంగతులు తెలిసేది కాలేజీలో సీనియర్ల ద్వారానే. ఆ సీనియర్లు ఉన్న కాలేజీ కావాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న.

ఇది నా సొంత సిద్ధాంతమేం కాదు. అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అని ఇద్దరు 2002లో ఒక పరిశోధన అచ్చువేశారు. 1976లో కాలేజీలో చేరిన పిల్లల జీతాలను ఏళ్ల తర్వాత పోల్చి చూశారు. పెద్ద పేరున్న కాలేజీలో సీటొచ్చి కూడా దానికన్నా చిన్న కాలేజీలో చేరినవాళ్లు సగటున ఏం నష్టపోలేదు, దాదాపు అంతే సంపాదించారు. పేరు అనవసరం అనేవాళ్లు ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. మిగతా సగం ఏమిటంటే, పేదింటి పిల్లలకు ఈ లెక్క వర్తించలేదు. తర్వాత వాళ్లే చేసిన ఇంకో పరిశోధనలో నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకు, తల్లిదండ్రులు పెద్దగా చదువుకోని పిల్లలకు పేరున్న కాలేజీ వల్ల సంపాదన స్పష్టంగా పెరిగింది. అంటే పేరు అందరికీ ఒకేలా పనిచేయదు, వెనక ఎవరూ లేనివాళ్లకే ఎక్కువ పనిచేస్తుంది.

మన దేశం సంగతి చూస్తే షీతల్ సేఖ్రీ అనే ఆర్థికవేత్త 2020లో అచ్చయిన పరిశోధనలో కటాఫ్ దగ్గరి పిల్లలను తీసుకున్నారు. గీతకు కాస్త పైన ఉండి పేరున్న ప్రభుత్వ కాలేజీలో పడినవాళ్లు, కాస్త కింద ఉండి పడనివాళ్లు. చివరి పరీక్షల మార్కుల్లో వీళ్లకూ వాళ్లకూ తేడా లేదు. జీతాల్లో మాత్రం ఉంది! ఇది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. చదువు అదే, బుర్ర అదే, జీతం వేరు.

ఎందుకు వేరో నేను బల్లకు అవతలి వైపు కూర్చున్నప్పుడు అర్థమైంది. కొన్నేళ్లుగా మా కంపెనీలో ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చుంటున్నాను. ఫ్రెషర్ ఉద్యోగానికి ప్రకటన ఇస్తే వచ్చే రెజ్యూమెలు మనిషన్నవాడు చదివి ముగించలేనన్ని. అన్నిట్లోనూ అవే ప్రాజెక్టులు, అవే కోర్సుల సర్టిఫికెట్లు. అప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు ఏం చేస్తారు? కాలేజీ కాలమ్ మీద ఫిల్టర్ పెడతారు. దాంట్లో కుట్ర లేదు, సాయంత్రంలోపు యాభై పేర్లు ఇవ్వాలి కాబట్టి పెడతారు. ఆ ఫిల్టర్ దాటి వచ్చినవాళ్లలో మట్టి బుర్రలనూ చూశాను, రెఫరల్ మీద వచ్చిన పేరులేని కాలేజీ పిల్లల్లో నన్నే ఇబ్బంది పెట్టే ప్రశ్నలు అడిగినవాళ్లనూ చూశాను. ఇంటర్వ్యూ గదిలోకి వచ్చాక కాలేజీ పేరు ఎవరికీ గుర్తుండదు. గది దాకా రావడమే కష్టం.

"మూడేళ్ల అనుభవం వచ్చాక ఎవడూ కాలేజీ అడగడు" అన్నది కూడా నిజమే. నన్నూ ఎవరూ అడగడం లేదు. కానీ ఆ మూడేళ్ల అనుభవం ఎక్కడ వచ్చిందో అడుగుతారు, అది మొదటి ఉద్యోగం మీద ఆధారపడి ఉంటుంది, మొదటి ఉద్యోగం క్యాంపస్‌కు ఎవరొచ్చారన్నదాని మీద.

సరే, పేరు కావాలి అనుకున్నాం. ఏది పేరు? కడప ఏడు రోడ్ల సర్కిల్‌లో, కర్నూలు రాజ్‌విహార్ దగ్గర, అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో తలెత్తి చూస్తే పిల్లల ఫొటోలతో హోర్డింగులు కనిపిస్తాయి. అది పేరు కాదు, ప్రచారం. మా బ్యాచ్‌లో ఒకడికి మూడు ఆఫర్లు వస్తే మూడు ప్లేస్‌మెంట్లుగా లెక్కేసి బ్రోచర్‌లో వేశారు, వాడు చేరింది ఒక్కదాంట్లో. అందరికన్నా పెద్ద ప్యాకేజీ ఒక్కటి పట్టుకుని దాన్ని అంతెత్తున రాస్తారు, అది ఒక్క పిల్లవాడిది, వాడు ఏ కాలేజీలో ఉన్నా తెచ్చుకునేవాడే. మిగతా వందలమంది సంగతి ఏమిటని అడిగేవాళ్లు లేరు. న్యాక్ (కాలేజీలకు గ్రేడులిచ్చే జాతీయ సంస్థ) ఏ ప్లస్ ప్లస్ అని గేటు మీద బంగారు రంగులో రాసి ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో గ్రేడు కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణ మీద న్యాక్ తనిఖీ బృందం సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది, పేపర్లలో అందరూ చదివిందే. గ్రేడులన్నీ దొంగవని అనడం లేదు, గేటు మీద అక్షరాలు చూసి సంతకం పెట్టొద్దంటున్నాను.

మరి ఎక్కడ చూడాలి అంటే, ఎన్‌ఐఆర్‌ఎఫ్ అని కేంద్ర ప్రభుత్వం ర్యాంకులు ఇస్తుంది, 2016లో మొదటిసారి ఇచ్చారు. ర్యాంకు కోసం చూడమని నేను చెప్పను. అందులో పదో వంతు మార్కులు ఆ కాలేజీ మీద ఇతర అధ్యాపకులకు, కంపెనీలవాళ్లకు ఉన్న అభిప్రాయానికే, అంటే పేరుంటే మళ్లీ పేరు వస్తుంది. కానీ దానికి దరఖాస్తు పెట్టుకున్న కాలేజీ తన డేటాను పీడీఎఫ్‌గా తన సైట్‌లోనే పెట్టాలి. సైట్‌లో ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. మూడేళ్లకు సంబంధించి ఎంతమంది చేరారు, అందులో నాలుగేళ్లలో పాసై బయటపడినవాళ్లెందరు, ఉద్యోగాలు వచ్చినవాళ్లెందరు, పై చదువులకు పోయినవాళ్లెందరు, మీడియన్ జీతం ఎంత, అన్నీ ఉంటాయి. మీడియన్ అంటే అందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలబడినవాడి జీతం. మీ పిల్లవాడు మొదటివాడు అవుతాడని మీకు నమ్మకం ఉండొచ్చు, ఉండాలి కూడా. కాలేజీని మాత్రం ఆ మధ్యలోవాడిని చూసి ఎంచుకోండి. లైబ్రరీకి, ల్యాబులకు ఏడాదిలో ఎంత ఖర్చు పెట్టారో కూడా అందులోనే ఉంటుంది. హోర్డింగులో అంకె, ఆ పీడీఎఫ్‌లో అంకె పక్కపక్కన పెట్టి చూస్తే చాలా కాలేజీల సంగతి అక్కడే తేలిపోతుంది. అసలు పీడీఎఫే లేకపోతే, ఎందుకు లేదో అడ్మిషన్ కౌంటర్‌లో అడగండి.

మా సీమలో ఇంజనీరింగ్‌కు నిజమైన పేరు అంటే పెద్దవాళ్లకు ఇప్పటికీ అనంతపురం జేఎన్‌టీయూనే. 1946లో మద్రాసు గిండీలో మొదలై 1948లో అనంతపురానికి వచ్చిన కాలేజీ అది, జేఎన్‌టీయూ అన్న పేరు రాకముందు నుంచీ ఉంది. దాని బలం భవనాల్లో లేదు (భవనాలు చూసి చేరేవాళ్లు అసలు చేరరు). ఆర్టీసీ బస్సులో పక్క సీట్లో కూర్చున్న ఇంజనీరు కూడా అక్కడే చదివి ఉండే అవకాశం ఉంది చూడండి, అదీ దాని బలం. దశాబ్దాల పాత విద్యార్థులు నీటిపారుదల శాఖ నుంచి అమెరికా కంపెనీల దాకా ఉన్నారు. కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీడీఎం 2015లో వచ్చింది, దానికి జేఈఈ కావాలి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి ఎంసెట్ అక్కర్లేదు, పదో తరగతి మార్కుల మీదే తీసుకుంటారు, సర్కారు బడి పిల్లలకు మార్కులు కలుపుతారు కూడా. ఇంట్లో మొదటిసారి చదువుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి దారి మా జిల్లాలో ఇంకోటి ఉందని నేననుకోను. ఆరేళ్లు హాస్టల్ అని భయపడి మానుకున్న వాళ్లను చూసినప్పుడల్లా బాధేస్తుంది.

ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. రాజ్యాంగంలో 371డి అధికరణ, దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం మన దగ్గర సీట్లలో 85 శాతం స్థానికులకే. సీమ జిల్లాలు, నెల్లూరు కలిపి ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం. అంటే అనంతపురం జేఎన్‌టీయూలో సీటుకు మన పిల్లలు ముఖ్యంగా పోటీ పడేది మన ప్రాంతం పిల్లలతోనే. అదే ర్యాంకుతో విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో కావాలంటే ఆ మిగిలిన కొద్ది సీట్లకోసం చూసుకోవాలి. అందుకే "గుంటూరు పిల్లోడికి ఆ ర్యాంకుకు రాలేదంట, మనకేం వస్తుందిలే" అని ఆప్షనే పెట్టకుండా వదిలేయడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. పోయినేడు చివరి ర్యాంకులు మన ప్రాంతానివి, మన కేటగిరీవి చూసుకోండి.

ఇప్పుడు కాలేజీనా, బ్రాంచినా. ఇక్కడ నా మాటతో మా ఆఫీసులోనే సగం మంది గొడవపడతారు. పేరు వినని కాలేజీలో కంప్యూటర్ సైన్సా, జేఎన్‌టీయూలో మెకానికలో సివిలో అయితే నేను జేఎన్‌టీయూ అంటాను. ఎందుకంటే క్యాంపస్‌కు వచ్చే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు బ్రాంచితో పనిలేకుండా రాయనిస్తాయి, కోడింగ్ బయట నేర్చుకోవచ్చు, క్లాసులో పక్కన కూర్చునే పిల్లలను మాత్రం బయట కొనుక్కోలేం. అయితే పిల్లవాడికి మెకానికల్ అంటే అసలు పడదు అంటే ఈ సలహా చెత్తబుట్టలో వేయండి, నాలుగేళ్లు ఏడుస్తూ బ్యాక్‌లాగ్‌లు మోసేవాడికి ఏ పేరూ అక్కరకు రాదు. రెండూ మధ్యరకం కాలేజీలైతే బ్రాంచే చూసుకోండి, ఊరు పేరు లేని రెంటిలో ఏది గొప్పదని కొట్లాడి లాభం లేదు. వాటిలో ఎక్కువ భాగం జేఎన్‌టీయూ అనంతపురానికి అనుబంధమే, డిగ్రీ మీద యూనివర్సిటీ ఒకటే.

ఆడపిల్లల విషయం విడిగా రాయాలి. మా బంధువుల్లో ఒకమ్మాయికి అనంతపురంలో సీటొచ్చే ర్యాంకు వచ్చింది. "ఆడపిల్ల, అంత దూరం యాలమ్మా, మన కాలేజీ బస్సు వీధి చివరికే వస్తాదంట కదా" అని ఇంటి దగ్గరి కాలేజీలో చేర్చారు. రెండేళ్ల తర్వాత వాళ్ల తమ్ముడికి అంతకన్నా ఎంతో వెనక ర్యాంకు వస్తే మేనేజ్‌మెంట్ సీటు కొని చెన్నై పంపారు! వాళ్ల నాన్న చెడ్డవాడు కాదు, నాకు ఇష్టమైన మనిషి, నా ముందే ఇది చదువుతాడు కూడా. ఆ అమ్మాయి పొద్దున ఏడింటికి బస్సెక్కి సాయంత్రం ఇల్లు చేరేసరికి చీకటి పడేది, ల్యాబ్ అయిపోయాక ఆగి ఇంకో గంట ఏదైనా నేర్చుకుందామంటే బస్సు వెళ్లిపోతుంది. కోడింగ్ క్లబ్బులు, ప్రాజెక్టులు, సీనియర్లతో మాటలు, ఇవన్నీ సాయంత్రాల్లో జరుగుతాయి, బస్సు పిల్లలకు సాయంత్రాలు ఉండవు. అనంతపురం జేఎన్‌టీయూలో అమ్మాయిల హాస్టళ్లు క్యాంపస్‌లోనే ఉన్నాయి. కడప నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటాం. చెన్నై దూరం కాలేదు గానీ అనంతపురం దూరమైంది.

డబ్బు సంగతి. కన్వీనర్ కోటా సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నంతవరకు పేరు కోసం కాస్త అటూ ఇటూ పరుగెత్తొచ్చు. మేనేజ్‌మెంట్ కోటాకు రీయింబర్స్‌మెంట్ రాదు. చీనీ తోట అమ్మి, పక్క రాష్ట్రంలో ఒక డీమ్డ్ యూనివర్సిటీలో సీటు కొనే విషయంలో మాత్రం నేను గట్టిగా అడ్డం తిరుగుతాను. డబ్బిస్తే ఎవరికైనా సీటు దొరికే చోట ఆ పేరు హెచ్‌ఆర్ ఫిల్టర్‌లో ఎంత పనిచేస్తుందో కొనేముందు కనుక్కోండి. పేరుకు విలువ వచ్చేదే అక్కడికి అందరూ రాలేరు కాబట్టి. లోన్ తీసుకుంటే ఒక సంగతి: 2024 నవంబరులో కేంద్రం ఒప్పుకున్న పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంపిక చేసిన సంస్థల్లో (మొదటి జాబితాలో 860) చేరేవాళ్లకు ఆస్తి తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపైతే 10 లక్షల దాకా రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ అవకాశం ఉంది. మీరు చూస్తున్న కాలేజీ ఆ జాబితాలో లేకపోతే, పెద్ద మొత్తానికి బ్యాంకు మేనేజరు మళ్లీ పొలం పాస్‌బుక్కు అడగొచ్చు.

పేరుతో అస్సలు పనిలేని దారులూ ఉన్నాయి. గ్రూప్స్ రాసేవాడికి, డీఎస్సీ రాసేవాడికి కాలేజీ పేరు చూసి ఎవరూ మార్కులు వేయరు. చాలా కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఇంజనీర్లను గేట్ (పీజీ ప్రవేశ పరీక్ష) స్కోరు చూసి పిలుస్తాయి, స్కోరుకు కాలేజీ తెలియదు. మీ అమ్మాయి మొదటి రోజు నుంచే సర్కారు ఉద్యోగం అని ఫిక్స్ అయి ఉంటే ఇంటి దగ్గర మంచి లెక్చరర్లు ఉన్న డిగ్రీ కాలేజీ చాలు, మిగిలిన డబ్బు పుస్తకాలకు, కోచింగ్‌కు. మెడిసిన్‌లో లెక్క ఇంకోలా ఉంటుంది. కర్నూలు మెడికల్ కాలేజీని డాక్టర్లు ఎందుకు గొప్పగా చెబుతారంటే, దానికి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రికి చుట్టుపక్కల జిల్లాల జనంతో పాటు రాయచూరు, బళ్లారి, గద్వాల వైపు నుంచి కూడా రోగులు వస్తారు. అన్ని రకాల కేసులు చూసిన చేయి అది. కొత్త బిల్డింగు, ఏసీ క్లాస్‌రూమ్ ఉన్న ప్రైవేటు కాలేజీలో మంచాలు ఖాళీగా ఉంటే ఆ పిల్లవాడు ఎవరిని చూసి నేర్చుకుంటాడు?

ఇక కాలేజీ చూడటానికి వెళ్తే ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని టీ తాగి రాకండి. అక్కడ అందరూ బాగా మాట్లాడతారు. గేటు బయట బడ్డీ కొట్టు దగ్గర నిలబడి థర్డ్ ఇయర్, ఫైనల్ ఇయర్ పిల్లలను అడగండి: క్లాసులు జరుగుతాయా, పోయిన సెమిస్టర్‌లో మీ సార్లు ఎంతమంది మానేశారు, మీ క్లాసులో ఆఫర్ లెటర్ చేతికొచ్చినవాళ్లు ఎంతమంది, వచ్చాక కంపెనీ పిలిచిందా. అడిగేది పిల్లలే అడిగితే ఇంకా మంచిది, నాన్న పక్కనుంటే వాళ్లు నిజం చెప్పరు.

వెబ్ ఆప్షన్లు పెట్టాక మార్చుకోవడానికి ఒక రోజు ఇస్తారు. సందేహం ఉంటే ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేయండి, తీస్తాను. సీటు అలాట్ అయ్యాక "అబ్బీ, ఇది మంచి కాలేజీయేనా" అని అడిగితే నేను మంచిదే అనే చెబుతాను, ఇంకేం చెప్పమంటారు.